జుట్టు కోసం మింగిన మాత్రలు

గోళ్ళు మళ్ళీ కుదురుగా పెరుగుతున్నాయి. చేతిలో కలం నిలుస్తోంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇంతకుముందు మొదలుపెట్టి ఆపేశాను. రాస్తూ రాస్తూ తల మీదికి చెయ్యి పోయేది, చేతికి ఏమొస్తుందోనని భయపడి కాగితం పక్కన పెట్టేసేదాన్ని.

నా పేరు సుగుణ. మాది మైపాడు. నాయన, అన్న సముద్రం మీదికి వేటకు పోతారు. నేను రోజూ బస్సులో నెల్లూరు వెళ్ళి ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఇంట్లో నాయన, అన్న, వదిన మస్తానమ్మ, నేను. అమ్మ నాలుగేళ్ళ కిందట కాన్సరుతో పోయింది. ఆమె సంగతి చెప్పకుండా నా జబ్బు సంగతి చెప్పలేను.

నవంబరు

వానలు పడి వెలిశాక ఊళ్ళో డెంగీ జ్వరాలు వచ్చాయి. నాకూ వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారు. ఒళ్ళంతా ఎవరో రోకలితో దంచినట్టు ఉండేది. నాయన రోజూ వచ్చేవాడు గానీ గేటు దాటి లోపలికి రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఆసుపత్రుల్లో అడుగు పెట్టడు. బయట టీ బంకు దగ్గర కూర్చుని, అన్న కిందికి దిగినప్పుడల్లా లేచి నిలబడేవాడట.

జ్వరం తగ్గింది. ఇంటికి వచ్చాను. వదిన వేళకు వండి పెట్టింది. కాళ్ళలో బలం వచ్చాక మళ్ళీ బడికి వెళ్ళాను. ఇక అయిపోయిందనుకున్నాను.

ఫిబ్రవరి

ఒక ఆదివారం తలంటుకుంటుంటే నీళ్ళు పోకుండా నిలిచిపోయాయి. తూము దగ్గర వంగి చెయ్యి పెడితే నల్లటి ముద్ద చేతికొచ్చింది. అది నాదేనని వెంటనే తోచలేదు. తడి వెంట్రుకలు వేళ్ళకు చుట్టుకున్నాయి. విదిలించినా వదల్లేదు.

అమ్మకు చెన్నైలో మందు ఎక్కించడం మొదలుపెట్టాక, ఒక పొద్దున ఆమె లేచి కూర్చుంటే జుట్టు చాలావరకు దిండు మీదే ఉండిపోయింది. అమ్మ దాన్ని చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. నాయన దాన్నంతా తువ్వాల్లో చుట్టి బయటికి తీసుకుపోయాడు. ఏం చేశాడో మేమెవరమూ అడగలేదు.

ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అమ్మ దువ్వెనకొచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి పెరటి గోడ సందులో దోపేది. వెంట్రుకలు కొనేవాడు వస్తే ఇచ్చేసి పిన్నీసులు గానీ చిన్న స్టీలు గిన్నె గానీ తీసుకునేది. ఆమె పోయాక కూడా కొన్ని ఉండలు ఆ సందులో ఉండిపోయాయి. వదిన తీయబోతే నాయన వద్దన్నాడు. బాత్‌రూముకు పోవాలంటే ఆ గోడ పక్కనుంచే పోవాలి. ఆ ఆదివారం నా చేతిలోని ముద్దను కొంగు కింద దాచుకుని ఆ గోడను దాటాను. అటు చూడలేదు.

దాచడం ఎంతకాలం సాగుతుంది? జడ వేయబోయిన వదినే కనిపెట్టింది. దువ్వెన తలలో పెట్టి, తీసి, దానికొచ్చిన వెంట్రుకలను వెలుతురుకు పట్టి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మణ్ణీ?" అంది.

"జ్వరం వచ్చింది గదా వదినా, దాని వల్లేమో."

"జ్వరం పోయి మూడు నెల్లయింది గదా. ఇప్పుడెందుకు ఊడతాది?"

నాయన వాకిట్లో వల బాగు చేసుకుంటున్నాడు. ఆయన చేతులు ఆగిపోవడం కిటికీలోంచి చూశాను.

మార్చి, ఏప్రిల్

జుట్టు ఊడుతోందని తెలిస్తే చాలు, అందరూ వైద్యులే. బడిలో ఒకావిడ బయోటిన్ వేసుకోమంది. ఇంకొకావిడ జింకు అంది. ఐరన్ లేకపోతే ఏవి వేసుకున్నా దండగ అని మరొకావిడ. ఫోన్ తెరిస్తే నడుము దాటిన జుట్టుతో ఎవరో ఒకరు నవ్వుతూ ఒక డబ్బా చూపించేవారు. నేను అన్నీ కొన్నాను. ప్రొటీన్ పొడి, రంగురంగుల విటమిన్ బిళ్ళలు, చేపనూనె మాత్రలు. చేపనూనె సీసా చూసి అన్న పగలబడి నవ్వాడు.

"పొద్దన లేస్తే చేపల్లోనే గదమ్మా ఉండేది! దీన్ని కొనుక్కోవాల్నా?"

ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినిపించిన నవ్వు అది. నాయన మాత్రం నవ్వలేదు.

ఏప్రిల్ మొదట్లో వదిన కృష్ణపట్నం వైపున్న తన పుట్టింటికి వెళ్ళి వచ్చింది. వస్తూ ఒక తెల్ల డబ్బా తెచ్చింది. డబ్బా మీద జడ వేసుకున్న ఆడమనిషి బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఎవరు తయారు చేశారో, లోపల ఏముందో రాసి లేదు. వాళ్ళ వీధిలో సరోజనమ్మ అనే ఆవిడ అమ్ముతోందట. ఊళ్ళో చాలామంది వాడుతున్నారట. జుట్టుకు కావలసిన బలమంతా అందులో ఉందట.

"పొద్దన రెండు, మద్దేన్నం రెండు, సాయంత్రం రెండు. నేనే ఇస్తాను, నువ్వు మర్చిపోతావు" అంది.

అలాగే ఇచ్చింది. పొయ్యి మీద ఏమున్నా దించి, మాత్రలు తెచ్చి చేతిలో పెట్టేది. బడికి వెళ్ళేటప్పుడు మధ్యాహ్నానివి చిన్న పొట్లం కట్టేది. అమ్మ పోయాక నన్ను అంత శ్రద్ధగా చూసుకున్నది ఆమె ఒక్కతే. కొన్నాళ్ళకు జుట్టు రాలడం కాస్త తగ్గినట్టు కనిపించింది. వదిన ఆనందం చూడాలి! పెద్దాసుపత్రి డాక్టరుగారు తర్వాత చెప్పారు, అది జ్వరం వల్ల ఊడటం తనంతట తాను తగ్గే సమయమని. అప్పుడు మాకది తెలియదు. మందు పనిచేస్తోందనుకున్నాం. ఇంకో డబ్బా తెప్పించాం.

మే

ఒకరోజు సాయంత్రం నాయన పక్కన కూర్చుని కాగితాలు దిద్దుతున్నాను. ఆయన నా వైపు తిరిగి, "వెల్లుల్లి నమిలినావా అమ్మా?" అన్నాడు.

"లేదు నాయనా."

ఆ తర్వాత బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముఖం పక్కకు తిప్పుకోవడం గమనించాను. ఎన్నిసార్లు పళ్ళు తోముకున్నా పోలేదు. నా ఊపిరిలోంచే వస్తోంది. నోట్లో ఎప్పుడూ నాణెం పెట్టుకున్నట్టు రుచి. తిన్నది నిలిచేది కాదు. ఎండాకాలం సెలవుల్లో పదో తరగతికి ప్రత్యేక తరగతులు చెబుతుంటే సుద్దముక్క వేళ్ళలోంచి జారిపోయేది. వేళ్ళ కొనలకు చీమలు పాకుతున్నట్టుండేది. గోళ్ళ మీద తెల్లటి అడ్డగీతలు పడ్డాయి. ఒక గోరైతే రవిక హుక్కు పెట్టుకుంటుంటే మొదలంటా లేచి వచ్చింది.

జుట్టు మళ్ళీ రాలడం మొదలైంది. ఈసారి తూము దగ్గర ఆగలేదు. అన్నంలో, పుస్తకాల మధ్య, తడి గుడ్డ మీద, అన్నిచోట్లా వెంట్రుకలే. ఒకరోజు అద్దంలో చూసుకుంటే కనుబొమ్మలు పలచబడి, చివరి రోజుల్లో అమ్మ ముఖం ఎలా ఉండేదో అలా ఉన్నాను. అద్దం తిప్పి గోడకు పెట్టాను. కానీ వదిన నన్ను చూసే చూపులో, అన్న చూడకుండా తప్పించుకునే తీరులో ఆ ముఖం నాకు రోజూ కనిపించేది. అందరి మనసులో ఉన్న జబ్బు పేరు ఒకటే. ఎవరూ పైకి అనలేదు.

నెల్లూరులో ఒక చర్మం డాక్టరుకు చూపించుకున్నాను. హాలు నిండా జనం. నా వంతు వచ్చేసరికి ఆయనకు తల ఎత్తే తీరిక లేదు. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. అవి బలానికి వేసుకునేవి, మందులని నాకు తట్టనే లేదు. ఆయన విటమిన్ల చీటీ రాసిచ్చారు. వాటినీ ఉన్నవాటికి కలిపాను.

వదిన భయపడి డబ్బాలోవి పూటకు మూడు చేసింది.

ఆ నెలాఖరులో నాయన ఎవరికీ చెప్పకుండా కొండకు వెళ్ళాడు. తిరిగొచ్చిన రోజు పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. నీడ పడితే తల ఎత్తాను. గుండు, లోపలికి పోయిన బుగ్గలు, భుజాన తువ్వాలు. నేను కెవ్వుమన్నాను. ముగ్గు చిప్ప చేతిలోంచి పడిపోయింది. ఒక్క రెప్పపాటు అక్కడ నిలబడ్డది నాయన కాదు.

"నేనేనమ్మా! నేనే!" అంటూ ఆయన కంగారుగా తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. తర్వాత అరుగు మీద కూలబడి అన్నాడు: "నాది తీసుకోమని స్వామికి చెప్పినాను. నీది వదిలిపెట్టమన్నా."

జూన్

అన్న పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అమ్మకు మొదట పరీక్షలు చేసిన ఆసుపత్రి అదే. అన్న, వదిన, నేను వెళ్ళాం. నాయన బస్టాండు దాకా వచ్చి ఆగిపోయాడు.

రక్తపరీక్షలకు పంపిన విభాగం కూడా అప్పట్లో అమ్మను పంపినదే. అవే నీలం కుర్చీలు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పక్కన తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, సంచిలోంచి నిమ్మకాయ తీసి గోటితో గిల్లి నా చేతిలో పెట్టింది.

"వాసన చూస్తా ఉండు తల్లే. వాంతి ఆగతాది. ఎన్నోసారి మందెక్కించడం?"

"ఇంకా మొదలుపెట్టలేదు" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఆవిడ నా వీపు నిమిరింది. "మొదటిదే కష్టం. తర్వాత అలవాటైపోతాది" అంది. ఆ నిమ్మకాయను ఆ రోజంతా గుప్పిట్లోంచి వదల్లేదు.

లోపల ఉన్నది నా వయసే ఉన్న డాక్టరమ్మ. కళ్ళు చూడటానికి కింది రెప్ప లాగుతూ నా ముఖానికి దగ్గరగా వంగారు. వంగినావిడ అలాగే ఆగిపోయారు.

"పొద్దున ఏం తిన్నారు?"

"ఇడ్లీ."

"వెల్లుల్లి కారంతోనా?"

"లేదు మేడమ్. ఉత్త పంచదారతో."

ఆవిడ నా చేతులు రెండూ తీసుకుని గోళ్ళు వెలుతురుకు పెట్టి చూశారు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగారు. నోట్లో లోహపు రుచి ఉందా అని అడిగారు. నేను చెప్పకముందే నా జబ్బు ఆవిడకు తెలిసినట్టుంది. సరిగ్గా అప్పుడు వదిన గడియారం చూసుకుని, చేతిసంచిలోంచి తెల్ల డబ్బా తీసింది. మధ్యాహ్నం మాత్రల వేళ దాటిపోతోందని.

"అదేంటమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"జుట్టు బలానికి మేడమ్" అని వదిన గర్వంగానే అందించింది.

డాక్టరుగారు డబ్బాను అటూ ఇటూ తిప్పారు. చదవడానికి ఏమీ లేదు. ఇంకేమేం వేసుకుంటున్నావని అడిగితే ఒక్కొక్కటే చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. తిండి కంటే అవే ఎక్కువ.

"సెలీనియం అని ఒక ఖనిజం ఉంటుంది. జుట్టుకు మంచిదే. కానీ చిటికెలో చిటికెడు చాలు. చేపలు, గుడ్లు తినేవాళ్ళకు ఆ మాత్రం తిండిలోనే వస్తుంది. మీ ఇంట్లో దానికి కరువుండదు. ఎక్కువైతే విషం. ముందు పోయేది జుట్టూ గోళ్ళే. ఈ డబ్బాలో అది ఎంత కలిపారో దేవుడికే తెలియాలి. మీ రక్తం చెన్నై పంపిస్తాను. అది వచ్చేలోపు నీళ్ళు, అన్నం తప్ప ఏదీ మింగొద్దు."

"మరి ముందు ఊడిందేంది మేడమ్?" అన్నాడు అన్న.

"డెంగీ వచ్చిన కొన్ని నెలలకు చాలామందికి ఊడుతుంది. ఏమీ చేయకపోయినా తిరిగి వస్తుంది. రక్తం తక్కువగా ఉంటే ఐరన్ ఇస్తాం, అదీ పరీక్ష చేశాకే. ఏది తక్కువో చూసుకోకుండా ఏదీ వేసుకోకూడదు."

ఏమీ చేయకపోయినా తిరిగి వస్తుంది. ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు, సంతోషం రాలేదు. పక్కన వదిన ఖాళీ చేతిని అలాగే చాచి నిలబడి ఉంది. డాక్టరుగారు డబ్బా తిరిగి ఇవ్వలేదు.

చెన్నై నుంచి వచ్చిన ఫలితం ఆవిడ చెప్పిందే నిజమంది. అమ్మ జబ్బు కాదు. ఆ మాట చెబితే నాయన గోడకానుకుని, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. అన్న మాత్రం వదిన మీద విరుచుకుపడ్డాడు.

"నా చెల్లెలికి చేతులారా విషం పెట్టినావు గదే! ఏం కలిపినారో అడగొద్దా నువ్వు?"

"అన్నా, నేనూ అడగలేదు" అన్నాను. అన్న వినలేదు. వదిన రెండు చీరలు సంచిలో పెట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

జూలై

మాత్రలు మానేశాక ముందు కడుపు కుదుటపడింది. తర్వాత వాసన తగ్గింది. జుట్టు రాలుతూనే ఉంది. కొంతకాలం రాలుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇంట్లో వంట నాదీ నాయనదీ. అన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఒక ఆదివారం నేనే తలకు చున్నీ చుట్టుకుని బస్సెక్కాను.

వదిన పెరట్లో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఎందుకొచ్చినావు? నా చేత్తో నీళ్ళన్నా తాగతావా ఇంక?"

"దాహంగానే ఉంది. ఇవ్వు" అన్నాను.

ఆమె నావైపు చూసింది. ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె మీద కోపం లేదని చెప్పలేను. ఒళ్ళు తిమ్మిరెక్కినప్పుడల్లా కోపం వచ్చేది. కానీ ఆ ఇంట్లో ఆమె లేకుండా ఉండటం అంతకంటే కష్టంగా ఉంది. అదే చెప్పాను.

కళ్ళు తుడుచుకుని ఆమె లేచింది. "పద. ఆ సరోజనమ్మను జుట్టు పట్టుకోని నడివీధిలోకి ఈడస్తా. అది చేసిన పనికి నా సంసారమే కూలిపోయింది."

ఆపాలనుకున్నాను గానీ ఆమె నాకు అందలేదు. వీధి చివర రేకుల ఇల్లు. వదిన తలుపు బాదింది. "ఎవురు?" అంటూ సరోజనమ్మ బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. తలకు బిగించి కట్టిన గుడ్డ కింద, చెవుల దగ్గర ఒక్క వెంట్రుక లేదు. కనుబొమ్మల్లేవు. తలుపు పట్టుకున్న వేళ్ళకు గోళ్ళు సగమే ఉన్నాయి. ఆమె "రా మస్తానా" అని నోరు తెరవగానే ఆ వాసన వచ్చింది.

వదిన పైకెత్తిన చెయ్యి కిందికి దిగింది.

"అక్కా, మీరు కూడా ఆ మాత్రలు వేసుకుంటున్నారా?" అన్నాను.

"వేసుకోకుండా ఎట్టమ్మా అమ్మేది? అందరికంటే ముందు నేనే మొదలుపెట్టినా. నాకు షుగరుండాది, దాంతో జుట్టు నిలవలేదు. లేకపోతే ఈపాటికి బెత్తెడు పెరిగుండును." ఆమె అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. తిమ్మిరి. నాకు ఆ రుద్దడం తెలుసు.

అరుగు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాం. ముందు నమ్మలేదు. నేను చున్నీ తీసి తల చూపించాను, నా చేతిని ఆమె చేతి పక్కన పెట్టాను. గోళ్ళ మీద అవే తెల్లగీతలు. ఆమె చాలాసేపు ఆ రెండు చేతుల్నీ చూసింది. మాత్రలు పంపే మనిషికి ఫోన్ చేసింది. ఆ నంబరు పనిచేయడం లేదని పలికింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"నన్ను ఏమన్నా చేసుకోండి" అంది మెల్లగా. "మరి నా దగ్గర కొన్నోళ్ళకు ఎవురు చెప్తారు?"

ఎవరెవరు కొన్నారో ఆమెకు నోటికి గుర్తుంది. ముగ్గురం బయలుదేరాం. కొందరు కొన్నాళ్ళు వాడి మానేశారు. ఒకామె డబ్బా ఇంకా తెరవలేదు. ఒకామె మా ముఖం మీదే తలుపు వేసింది. చివరి ఇంటికి తాళం ఉంది. అక్కడ డిగ్రీ చదివే అమ్మాయి ఉందట, పెళ్ళిచూపులకని నాలుగు డబ్బాలు తీసుకుందట.

పక్కింటావిడ గోడ మీది నుంచి చెప్పింది: "ఆ పిల్లని మద్రాసు తీసకపోయినారు గదా. ఏందో తెలీని జబ్బంట. జుట్టంతా ఊడిపోయి, లేచి నడవలేకుండా ఉంటే ఆసుపత్రిలో పెట్టుకోనుండారు. ఏందో తెలీక డాక్టర్లే తలలు పట్టుకున్నారంట."

సరోజనమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. వదిన ఆ పక్కింటావిడ దగ్గర పిల్ల తల్లి నంబరు తీసుకుని, ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.  

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. వెనక ఆసుపత్రి చప్పుళ్ళు. "ఎవురమ్మా?" అంది అలసిపోయిన గొంతు.

నేనెవరో చెప్పాలి, ఎందుకు చేస్తున్నానో చెప్పాలి. అవేవీ నోటికి రాలేదు.

"అమ్మా, మీ పాప ఊపిరి వెల్లుల్లి వాసన వస్తా ఉండాదా?" అన్నాను.

లైను తెగిందేమోనని ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"నీకెట్టా తెలుసు?" అందామె.